ముప్పై రెండేళ్లకే ముట్లుడిగితే

2010, ఎండాకాలం

పళ్లు తోముకుందామని పేస్టు మూత తిప్పబోతే వేళ్లు తిరగలేదు. నిద్రలో చేతి మీద పడుకున్నానేమో అనుకున్నాను. వేడినీళ్లలో కాసేపు ముంచి ఉంచితే కొంచెం సడలాయి. ఆఫీసు బస్సు పోతుందని పరుగెత్తాను. మర్నాడూ అంతే. ఆ తర్వాత మణికట్లు, ఆ తర్వాత మోకాళ్లు. పొద్దున లేచేసరికి ఒళ్లంతా ఎవరో బిగించి కట్టేసినట్టుండేది. పదకొండయితే తప్ప ఆ కట్లు వదిలేవి కావు.

అప్పటికి నాకు ముప్పై ఒకటి. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీమ్‌కు లీడ్‌ని. మాది ప్రొద్దుటూరు. నా భర్త నరేందర్‌ది సిద్దిపేట దగ్గర ఒక పల్లె. ఒకే ఫ్లోర్‌లో పనిచేస్తూ ఇష్టపడి పెళ్లి చేసుకున్నాం. హఫీజ్‌పేట్‌లో రెండు పడక గదుల ఫ్లాట్ కిరాయికి తీసుకున్నాం. పిల్లల సంగతి ఎవరైనా ఎత్తితే ఈ ప్రాజెక్టు అయ్యాక అనేవాళ్లం. ఆ ప్రాజెక్టు అయ్యేలోపు ఇంకోటి వచ్చేది. మాకేం తొందరలేదనే అనుకున్నాం. ఆ వయసులో ఎవరైనా అట్లాగే అనుకుంటారు.

కీళ్ల డాక్టరు పెద్దాయన. నా చేతివేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసి, "బయటి జబ్బుల మీద పోరాడాల్సిన శక్తి నీ ఒంటి మీదే తిరగబడిందమ్మా. లోపల ఎప్పుడూ వాపు ఉంటుంది. పూర్తిగా పోయేది కాదు, అదుపులో పెట్టుకునేది" అన్నాడు. ఎన్నాళ్లు మందులు వాడాలని అడిగితే ఆయన జవాబు చెప్పకుండా చీటీ రాయడం మొదలుపెట్టాడు. అదే జవాబని బయటికి వచ్చాక అర్థమైంది.

మందులతో కీళ్లు కొంచెం వదులయ్యాయి గానీ ముఖం ఉబ్బింది. క్యాంటీన్‌లో ఎవరో ఒకరు ప్లేటు పట్టుకొని పక్కన కూచుని, "ఏంటి హేమా, బాగా ఒళ్లు చేశావ్, గుడ్ న్యూసా?" అనేవాళ్లు. మొదట్లో కాదని చెప్పేదాన్ని. తర్వాత్తర్వాత నవ్వి ఊరుకున్నాను. మాట్లాడటం కంటే నవ్వడానికి తక్కువ ఓపిక చాలు.

కూరగాయలు తరగలేక, బట్టలు పిండలేక నేను పడుతున్న పాట్లు చూసి నరేందర్ వాళ్లమ్మను ఊరినుంచి పిలిపించాడు. మా అత్తమ్మ పేరు సత్తెమ్మ. పదహారేళ్లకే కొడుకును కన్నది. భర్త పోయాక ఊళ్లో ఒక్కతే ఉండేది. నేను ఆమెను చూసింది పెళ్లిలో, ఆ తర్వాత రెండు మూడు పండగలకు. బస్సు దిగి రావడంతోనే నా చేతులు పట్టుకొని వాచిన కణుపులు చూసింది.

"ఇంత లేత చేతులు గిట్లెందుకైనయ్ బిడ్డా?" అని, ఆ పూట నుంచే వంటిల్లు తన చేతిలోకి తీసుకుంది.

2010 చివర

దసరా వెళ్లాక ఒక నెల నాకు నెలసరి రాలేదు. ఆ నాలుగైదు రోజులు ఎవరికీ చెప్పకుండా లోలోపల ఎంత సంబరపడ్డానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే జాలేస్తుంది. మందుల షాపులో కిట్టు కొని చూసుకుంటే ఏమీ లేదు. మరుసటి నెలా రాలేదు. ఆ పై నెల ఏదో వచ్చిందంటే వచ్చిందన్నట్టు కనబడి, మళ్లీ ఆగిపోయింది.

ఆఫీసులో తెలిసినవాళ్లను అడిగితే టెన్షన్ అన్నారు. నైట్ కాల్స్ అన్నారు. కీళ్లకు వాడే స్టెరాయిడ్స్ వల్ల అన్నారు. నేనూ అదే నమ్మాను. నమ్మితే డాక్టరు దగ్గరికి పోనక్కర్లేదు కదా. ఇది చదివే ఆడపిల్లలకు నేను చెప్పగలిగింది ఇదొక్కటే. నలభై లోపు వరసగా మూడు నెలలు తప్పితే టెన్షన్ అని సరిపెట్టుకోకండి. వెళ్లి చూపించుకోండి.

ఇంకో సంగతి మొదలైంది. ఒకరోజు క్లయింట్ కాల్‌లో ఉన్నాను. మీటింగ్ రూమ్‌లో ఏసీ ఎంత చలిగా ఉందంటే మా టీమ్‌లో ప్రవీణ అనే అమ్మాయి శాలువా కప్పుకొని కూచుంది. ఉన్నట్టుండి నా గుండెల దగ్గర పుట్టిన సెగ మెడ మీదుగా చెవుల్లోకి ఎక్కింది. ముఖం మండిపోయింది. చెమట కనుబొమల మీంచి కీబోర్డు మీదికి కారుతోంది. అవతలి నుంచి క్లయింట్ నా పేరు పిలుస్తున్నాడు. నా నోట మాట రావడంలేదు. ప్రవీణ గబుక్కున ఫోన్ తనవైపు తిప్పుకొని, మిగతా రిపోర్టు తనే చెప్పేసింది. తర్వాత ఏమైందని అడగలేదు. మరుసటి రోజు నుంచి మీటింగ్‌కు వస్తూ రెండు నీళ్ల సీసాలు తెచ్చేది. ఒకటి నా ముందు పెట్టేది.

అప్పుడు ఊరంతా ఉద్యమం. ఏ టీవీ పెట్టినా అదే. బంద్ ఉన్న రోజు ఆఫీసు వాళ్లు శనివారం రమ్మనేవాళ్లు. నరేందర్ తెలంగాణ ఉద్యోగుల మీటింగులకు పోయేవాడు. అత్తమ్మ టీవీ ముందు కూచుని కళ్లార్పకుండా చూసేది. ప్రొద్దుటూరు నుంచి మా అమ్మ ఫోన్ చేసి, "ఏం పాపా, టీవీ పెడితే గలాటాలే కనపడతాండాయి. ఆ ఊర్లో ఎట్లుంటారు? ఇద్దరూ ఈడికి వచ్చేయండి" అనేది. ఆ ఫోన్ మాటలు హాల్లోకి వినబడతాయేమోనని నేను బాల్కనీలోకి పోయేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఎటువైపూ నిలబడి వాదించే ఓపిక నాకు లేదు. పొద్దున లేచి దువ్వెన పట్టుకోగలిగితే అదే ఆ రోజుకు చాలు.

2011, ఎండలు ముదిరాక

కొండాపూర్‌లో ఆడవాళ్ల డాక్టరు దగ్గరికి చివరికి ఇద్దరం వెళ్లాం. ఆమెది గోదావరి వైపు. మెత్తగా మాట్లాడుతుంది. ఆ వెయిటింగ్ హాలు నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంటుంది. గోడల నిండా పసిపిల్లల ఫొటోలు. కుర్చీల నిండా పొట్టలు. పక్కన కూచున్నావిడ, "మీకెన్నో నెలండి?" అని అడిగింది. నా ఉబ్బిన ముఖం చూసి అడిగి ఉంటుంది. "ఇంకా లేదండి" అన్నాను. నరేందర్ ఫోన్‌లోకి తల దించుకున్నాడు.

రెండుసార్లు రక్తం తీసి చూశారు. మధ్యలో కొన్ని వారాలు ఆగమన్నారు. ఆ వారాలు ఎట్లా గడిచాయో గుర్తులేదు. రెండోసారి ఫలితం చూసి డాక్టరమ్మ తన కుర్చీ నా వైపు జరుపుకుంది. అప్పుడే నాకు అర్థమైంది. మంచి మాట చెప్పేవాళ్లు కుర్చీ జరుపుకోరు.

"హేమగారూ, మీ అండాశయాలు పని చాలించేస్తున్నాయండి. యాభై దగ్గర జరగాల్సింది మీకు ఇప్పుడే జరిగింది. మీ కీళ్లలో ఉన్న తిరుగుబాటే అక్కడికీ పాకి ఉండొచ్చు. ఇదీ కారణమని గట్టిగా చెప్పలేను. కానీ మీరు చేసిన తప్పు ఏదీ లేదండి."

నరేందర్ అడిగాడు. "ట్యాబ్లెట్లు వాడితే మల్ల స్టార్ట్ అయితది కదా మేడమ్?"

"ట్యాబ్లెట్లు ఇస్తానండి. ఆ సెగలు తగ్గుతాయి, ఎముకలు, గుండె కాపాడుకోవాలి. యాభై వచ్చేదాకా వాడాలి. పిల్లల సంగతంటారా..." ఆమె ఆగింది. "పూర్తిగా లేదని నేను చెప్పను. కానీ ఆశ పెట్టి పంపించలేను."

బండి మీద ఇంటికి వస్తుంటే కొత్తగూడ సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడింది. నరేందర్ కదల్లేదు. వెనక హారన్లు మోగుతున్నాయి. నేను భుజం తట్టితే ఉలిక్కిపడి బండి తీశాడు. ఇంటి దగ్గర పార్కింగ్‌లో హెల్మెట్ తీయకుండానే, "అమ్మకిప్పుడే చెప్పొద్దు" అన్నాడు. నాకూ అదే కావాలి.

మా అమ్మకు ఫోన్‌లో చెప్పాను. ఆమె ఏడ్చింది. తర్వాత ముక్కు చీది, "మీ అత్తకు మాత్రం చెప్పాకు పాపా. ఒక్కడే కొడుకు. ఆయమ్మ ఏమంటుందో ఏమో" అంది.

ఆ రోజుల్లో అత్తమ్మకూ ఒంట్లో బాగుండేది కాదు. వంట చేస్తూ చేస్తూ కొంగుతో మెడ తుడుచుకొని కిటికీ దగ్గరికి పరుగెత్తేది. "ఒళ్లంత సెగలు గక్కుతున్నది. ముట్లుడిగే ముందట గిట్లనే అయితదట. మా అక్కకు గిట్లనే అయింది" అనేది. హాల్లో ఉన్న ఒక్క ఫ్యాను కింద ఆమె కూచునేది. నేను గదిలోకి పోయి తలుపేసుకొని, చీర కుచ్చిళ్లు పైకి తీసి, నేల మీద పడుకునేదాన్ని. ఒకే సెగ ఇద్దరికీ. ఆమె పైకి చెప్పుకుంటోంది, నేను గోడకు ముఖం పెట్టి దాచుకుంటున్నాను. ఆమెకు నలభై తొమ్మిది.

2011, సమ్మె రోజులు

ఆ వానాకాలం పోతూపోతూ ఉండగా సకల జనుల సమ్మె మొదలైంది. ఆర్టీసీ బస్సులు ఆగిపోయాయి. కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో తెలీదు. మా కాలనీ ఆడవాళ్లు రోడ్డు మీద బతుకమ్మలు పెట్టి ఆడారు. అత్తమ్మ పోయి వాళ్లతో కలిసి ఆడి, గొంతు బొంగురుపోయి వచ్చింది. ఆమె ముఖంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు.

నా మందులు మార్చాలని డాక్టరమ్మ రమ్మన్న రోజు వచ్చింది. నరేందర్ ఆ రోజు ధర్నాకు వెళ్లాడు. వెళ్లొద్దని నేను అనలేదు, వస్తానని అతనూ అనలేదు. నెలలుగా మా ఇద్దరి మధ్య అట్లాగే ఉంది. మాట్లాడితే ఆ మాట వస్తుందని మాట్లాడుకోవడమే మానేశాం. మోకాళ్లు వాచి నేను మెట్లు దిగలేకపోతుంటే అత్తమ్మ చెప్పులేసుకుంది.

"ఒక్కదానివెట్ల పోతవ్? నేనొస్త పా."

"కీళ్లకే అత్తమ్మా, నేను పోయొస్తాలే."

"కీళ్లకైతే ఏంది, ఇంకోటైతే ఏంది. పట్టుకోనీకె మనిషుండొద్దా?"

ఇద్దరు ముగ్గురు ఆటోవాళ్లను బతిమాలితే ఒకతను కొండాపూర్ దాకా దింపాడు. హాలు సగం ఖాళీగా ఉంది. గోడల మీది పసిపిల్లల ఫొటోలు చూసి అత్తమ్మ అడిగితే, కీళ్ల డాక్టరే ఇక్కడికి పంపాడని చెప్పాను. మా డాక్టరమ్మ రాలేకపోయిందట. ఆమె బదులు ఎవరో కొత్త డాక్టరు, చిన్నపిల్ల. మమ్మల్నిద్దరినీ ఒక్కసారి చూసి, అత్తమ్మను కుర్చీలో కూచోబెట్టింది. నన్ను వెనక నిలబెట్టింది.

"ఇప్పుడు వేడి ఆవిర్లు ఎట్లా ఉన్నాయమ్మా? తగ్గాయా?" అని అత్తమ్మను అడిగింది.

అత్తమ్మ సంబరపడింది. తన సంగతి డాక్టరు అడుగుతుందని ఆమె అనుకోలేదు. "యాడ తగ్గినయ్ తల్లీ. కరెంటు పోతే పానం పోతున్నది."

"నెలసరి ఆగిపోయి ఏడాది కావస్తోంది కదూ?"

"లేదమ్మా, ఇంకా పూరాగ ఆగలే. ఒక నెల తప్పి ఒక నెల వస్తున్నయ్."

డాక్టరు పిల్ల తికమకపడి నా కాగితాల వైపు చూసింది. ఆ గదిలోంచి మాయమైపోతే బాగుండుననిపించింది. కానీ ఇంకెవరు చెబుతారు?

"పేషెంట్‌ని నేనండి" అన్నాను. "ఆగిపోయింది నాకు."

అత్తమ్మ తల తిప్పి నన్ను చూసింది. లేచి నిలబడి, ఆ కుర్చీ నాకు వదిలి, గోడవారకు పోయి నిలబడింది. డాక్టరు పిల్ల చెప్పినవేవీ నా చెవికెక్కలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో దొరకలేదు. నడిచాం. నేను కుంటుతుంటే ఆమె మోచేయి పట్టుకునే ఉంది, కానీ ముఖం రోడ్డు వైపే. ఒకచోట మూసేసిన షాపు అరుగు మీద కూచున్నాం. అప్పుడు అడిగింది.

"నరేందర్‌కు తెలుసా?"

"తెలుసు."

"మీ అమ్మకు?"

"తెలుసు అత్తమ్మా."

"అందరికి తెలుసు. ఒక్క నాకే తెల్వదు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇగ నా కొడుకుతోనే మా ఇల్లు ఆగిపోతదా?"

నేను అరుగు పట్టుకొని లేవబోతే ఆమె మళ్లీ మోచేయి పట్టుకుంది. నడిచాం.

ఆ సాయంత్రం నరేందర్ మీద ఆమె అరిచిన అరుపులు కింద ఫ్లాటు దాకా వినిపించి ఉంటాయి. మర్నాడు బట్టలు సంచిలో సర్దుకుంది. ఊరికి పోతానంది. కానీ పోవడానికి బస్సుల్లేవు. కారు మాట్లాడతానని నరేందర్ అంటే, సమ్మె నడుస్తుంటే కారెక్కి పోతానా అని కసిరింది. సంచి తలుపు పక్కనే ఉంది. ఆమె మాత్రం ఇంట్లోనే ఉంది. వంట చేసేది. నాకు పెట్టేది. ఒక్క మాట మాట్లాడేది కాదు.

అట్లా ఎన్నాళ్లో గడిచాక, ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను గదిలో ఉండలేక హాల్లోకి వచ్చాను. ఆమె కిటికీ కింద నేల మీద కూచుని ఒక అట్టముక్కతో విసురుకుంటోంది. నేను దూరంగా గోడకు చేరగిలబడ్డాను. కాసేపటికి నాకూ సెగ పుట్టింది. ముఖం ఎర్రబడి చెమట ధారగా కారుతుంటే తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు. దాచుకునే పని కూడా ఇక లేదు.

అత్తమ్మ విసురుకోవడం ఆపి నన్నే చూసింది.

"గిన్ని రోజుల నుంచి గా అర్రల తలుపేసుకొని పండుకున్నది గిందుకేనా?"

తలూపాను.

"నేనిక్కడ ఫ్యాను కింద కూసోని మొత్తుకుంటుంటే, నువ్వాడ కిందపడి దొర్లుతున్నవా?"

మళ్లీ తలూపాను. ఆమె నేల మీద జరుగుతూ జరుగుతూ నా దగ్గరికొచ్చింది. అట్టముక్క నా వైపు తిప్పి విసరడం మొదలుపెట్టింది. ఆమె మెడ మీంచి కూడా చెమట కారుతోంది.

"నాకు యాభై ఏండ్లొచ్చినయ్, నేనే తట్టుకోలేకపోతున్న. ముప్పై ఏండ్ల పిల్లవు నువ్వెట్ల తట్టుకుంటున్నవే?" అంది. ఆ తర్వాత ఆమె ఏడ్చింది. ఇంటి పేరు కోసం కాదు ఈసారి. నేనూ ఏడ్చాను. కరెంటు వచ్చి ఫ్యాను తిరిగేదాకా అట్లాగే కూచున్నాం.

సమ్మె ముగిసి బస్సులు నడిచాక ఆమె ఊరికి పోలేదు. తలుపు పక్కన సంచి ఎప్పుడు లోపలికి పోయిందో నేను చూడలేదు.

2012

అంతటితో అన్నీ చక్కబడ్డాయని రాయాలనే ఉంది. చక్కబడలేదు. వేరే ఆవిడ అండంతో ప్రయత్నించవచ్చని ఒక ఫెర్టిలిటీ సెంటర్‌లో చెప్పారు. నరేందర్‌కు ఆశ పుట్టింది. నాకు ఆశ పుట్టలేదు గానీ, అతని ముఖంలో చాలా రోజుల తర్వాత కనబడిన ఉత్సాహాన్ని చంపబుద్ధి కాలేదు. ఒక్కటే చిక్కు. కడుపు పండాలంటే కీళ్ల మందు ముందే ఆపెయ్యాలి. ఆ మందు ఒంట్లో ఉండగా బిడ్డ రాకూడదు.

ఆపేశాను. మొదటి నెల బాగానే ఉంది. ఆ తర్వాత లోపలి మంట ఆకలిగొన్నట్టు లేచింది. వేళ్లు ముడుచుకుపోయాయి. చెంచా పట్టుకోలేను. ఆఫీసుకు సెలవు పెట్టాను. అత్తమ్మ అన్నం కలిపి ముద్దలు పెట్టేది. నరేందర్ నా జుట్టు దువ్వేవాడు, రాదు పాపం, చిక్కు లాగి లాగి ఏడిపించేవాడు. బట్టల హుక్కులు పెట్టేవాడు. బాత్రూమ్ దాకా ఎత్తుకుపోయేవాడు. మంచం మీద అటు తిరగాలన్నా అరుపు వచ్చేది. సెంటర్ వాళ్లు ఫోన్ చేసి, మొదలుపెడదామా మేడమ్ అని అడిగితే, ఇంకో పది రోజులు ఆగండి అని చెప్పేదాన్ని.

ఒక పొద్దున నన్ను లేపి కూచోబెడుతూ నరేందర్ ఆగిపోయాడు. నా చేతిని తన అరచేతిలో పెట్టుకొని చూస్తూ ఉండిపోయాడు. తర్వాత అల్మారా తెరిచి, ఆపేసిన మందు డబ్బా తీసి, గ్లాసులో నీళ్లు తెచ్చాడు.

"మింగు."

"మరి అదీ..."

"ఇగ చాలు హేమా. నాతోని కాదు."

"మీ అమ్మ?"

"అమ్మనే చెప్పింది. ఆ పిల్లను సంపుతవారా అని రాత్రి తిట్టింది."

నా వేళ్లకు మాత్ర అందక కింద పడితే, అతనే తీసి నాలుక మీద పెట్టాడు. ఆ రోజు అతను మీటింగుకూ పోలేదు, ఆఫీసుకూ పోలేదు. మధ్యాహ్నం దాకా నా పక్కనే పడుకొని, డాక్టరమ్మ చెప్పిన రోజు నుంచి తను ఎందుకు ఇంటికి రాకుండా తిరిగాడో చెప్పాడు. బయట అంతమందిలో అరుస్తుంటే తనకు ఏడుపు వచ్చినా ఎవరికీ తెలిసేది కాదట. నేను అతన్ని చాలా తిట్టుకున్నాను ఆ రోజుల్లో. అతనికీ ఒక గది, ఒక తలుపు కావలసి వచ్చిందని నాకు తోచలేదు.

ఆశ పోయినందుకు నేను తేలికపడ్డాను. ఈ మాట ఎవరితోనూ అనలేదు, ఇక్కడే రాస్తున్నాను. కానీ ఏ పార్కు ముందు నడిచినా, ఏ స్కూలు వ్యాను ఆగినా కళ్లు అటే పోయేవి. ఇప్పటికీ పోతాయి. అది మందులతో తగ్గేది కాదు.

2013 నుంచి ఇప్పటిదాకా

మాత్రలతో సెగలు తగ్గాయి. కీళ్లు మళ్లీ చెప్పిన మాట వింటున్నాయి, అన్ని రోజులూ కాదు. ఆఫీసులో టీమ్ లీడ్ పని వదిలేసి, కాల్స్ లేని పని అడిగి తీసుకున్నాను. ప్రవీణకు నా చోటు ఇచ్చారు. ఒకరోజు ఆమెకు అంతా చెప్పాను. "నాకప్పుడే అనిపించింది అక్కా, మా పిన్నికి అట్లాగే అయ్యేదండి, కానీ ఎట్లా అడగను?" అంది. అడిగి ఉంటే నేను అబద్ధం చెప్పి ఉండేదాన్ని. అందుకే నీళ్ల సీసాయే నయం.

అత్తమ్మకూ ఆ ఏడు పూర్తిగా ఆగిపోయాయి. డాక్టరమ్మ మా ఇద్దరినీ ఎముకల పరీక్ష చేయించుకోమంది. ఆ పరీక్షకు నొప్పేమీ లేదు, కదలకుండా పడుకుంటే చాలు. వారం పోయాక ఫలితాల కోసం ఇద్దరం కలిసే వెళ్లాం. ఈసారి రెండు కుర్చీలు వేశారు.

"మీకు బాగానే ఉన్నాయమ్మా. పొలం పని చేసిన ఎముకలు" అంది డాక్టరమ్మ అత్తమ్మతో. తర్వాత నా వైపు తిరిగింది. "హేమగారూ, మీవి పల్చబడ్డాయండి. ఇన్నాళ్ల వాపు, ఆ స్టెరాయిడ్లు, ఈ లోటు, అన్నీ కలిసి. ఆవిడ ఎముకల కంటే మీవే వయసులో పెద్దవైపోయాయి. బరువులు ఎత్తకండి, పడిపోకుండా చూసుకోండి. మెల్లగా నడక పెంచుదాం."

నేను నవ్వాననుకుంటాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు. ముప్పై నాలుగేళ్లకు అత్త కంటే ముసలిదాన్నయ్యాను. అత్తమ్మ నవ్వలేదు. దారి పొడవునా ఆలోచిస్తూ వచ్చింది.

మొన్న జూన్‌లో రాష్ట్రం వచ్చింది. నరేందర్ స్వీటు డబ్బాలు తెచ్చి కాలనీలో పంచాడు. అత్తమ్మ మొదటి ముక్క తెచ్చి నా నోట్లో పెట్టింది. మా అమ్మ ఫోన్ చేసి, "ఇంక నిన్ను ఈడికి వచ్చేయమని అడగను లేప్పా. అదే నీ ఊరైపోయింది" అంది. ఆమె గొంతులో ఏడుపో, నవ్వో తెలియలేదు. నేను ఆ రోజు జ్వరం తగిలి పడుకునే ఉన్నాను. కిటికీలోంచి డప్పులు వినబడ్డాయి. బాగానే ఉంది. బయట అందరూ సంతోషంగా ఉన్నప్పుడు పడుకోవడం కూడా ఒక సుఖమే.

పోయిన ఆదివారం అత్తమ్మతో కలిసి సంతకు వెళ్లాను. నడక కోసమే. తిరిగి వచ్చేసరికి మా బిల్డింగ్ లిఫ్ట్ పనిచేయడంలేదు. అత్తమ్మ భుజం మీద బియ్యం మూట, ఇంకో చేతిలో కూరగాయల సంచి. నేను రెయిలింగ్ పట్టుకొని, వట్టి చేతులతో, ఒక్కో మెట్టు చూసుకుంటూ ఎక్కుతున్నాను. రెండో అంతస్తు దగ్గర కింది ఫ్లాటావిడ ఎదురైంది. నన్ను, అత్తమ్మను మార్చి మార్చి చూసింది.

"ఏంది సత్తెమ్మా, గిదేం పద్ధతి? వయసు పిల్ల చేతులూపుకుంట వస్తుంటే, పెద్దదానివి నువ్వు మోస్తున్నవా?"

నా ముఖం వేడెక్కింది. ఈసారి అది జబ్బు కాదు. సంచి అందుకుందామని చెయ్యి చాపాను. అత్తమ్మ ఆ సంచిని అవతలి పక్కకు మార్చుకుంది.

"వయసుదేముంది వదినా. మా ఇంట్ల పెద్దది గదే" అని, బియ్యం మూట భుజం మీద సర్దుకొని, "నువ్వు మెల్లగ రా బిడ్డా" అంటూ పై మెట్టు ఎక్కింది.